సమ్మిట్ నుంచి జెనిత్ దాకా

మెట్ట ప్రాంత సమగ్ర ఉన్నతి మండలి తన మొదటి విజయాన్ని 2001 మార్చి అయిదో తేదీ సోమవారం ఉదయం ప్రకటించింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సమస్యలను కింది స్థాయిలో పరిష్కరించే పాత పద్ధతి ఆ రోజుతో ముగిసిందని, ఇకమీదట ప్రతి సమస్యనూ సమ్మిట్ కమిటీ పైనుంచి పరిశీలిస్తుందని మండలి ఛైర్మన్ మునిరత్నం విలేకరులకు చెప్పాడు. పైనుంచి చూస్తే సమస్య చిన్నదిగా కనిపిస్తుందని, చిన్న సమస్యను పరిష్కరించడం సులభమని కూడా చెప్పాడు. విలేకరులు రాసుకున్నారు. తరవాత అందరికీ మిక్చరు, బాదంపాలు వచ్చాయి.

మునిరత్నానికి ఎమ్మెల్యే టికెట్ రెండుసార్లు రాలేదు. రెండోసారి రానప్పుడు ఆయన మనుషులు మదనపల్లెలోని బెంగుళూరు బస్టాండు ముందు రెండు గంటలు రోడ్డు మీద కూర్చున్నారు. పార్టీ పెద్దలు ఆలోచించి, లేని మండలి ఒకటి పుట్టించి ఆయనకు ఇచ్చారు. దానికి ఒక జీపు, అదే ఊళ్ళో పట్టుగూళ్ళ వ్యాపారి ఇంటి మేడ మీద రెండు గదులు, ఒక టైపిస్టు, ఒక రబ్బరు స్టాంపు ఉన్నాయి. మూడు ప్రాంతాల్లో ఏ పని జరగాలన్నా మండలి తీర్మానం ఉండాలని ఉత్తర్వు కూడా వచ్చింది. పని చేసే అధికారం మండలికి లేదు. ఆపే అధికారం ఉంది. మునిరత్నం ఉన్న అధికారాన్ని వృథా చేసే మనిషి కాడు.

ఆ సోమవారం మేడ మెట్ల మీద చెంగల్రాయుడు అర్జీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పుంగనూరులో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే లెక్చరర్. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఎవరికీ అర్జీ పెట్టలేదు. ఈ అర్జీ ఆయన అక్క బయ్యమ్మది. సోమల దగ్గర ఎర్రమిట్టపల్లెలో బయ్యమ్మకు రెండెకరాల టమాటా తోట ఉంది. గురువారం మధ్యాహ్నం ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద శబ్దం చేసి కాలిపోయింది. దాని కింద పదకొండు బోర్లు ఉన్నాయి. పదకొండూ ఆగిపోయాయి.

లైన్‌మన్ శ్రీరాములు వచ్చి చూసి వెళ్ళాడు.

"కొత్త ట్రాన్స్‌ఫారం సబ్‌స్టేషన్ షెడ్డులో ఉండాదప్పా. దాని మీద కప్పిన పట్ట గూడా తీయలేదు. అరపూట పని. అయితే మండలి తీర్మానం లేకుండా ముట్టుకుంటే నా ఉద్యోగం పోతాది" అన్నాడు.

ఆదివారం చెంగల్రాయుడు అక్కను ఒకే ప్రశ్న అడిగాడు.

"నీళ్ళు లేకుండా చెట్లు ఎన్నాళ్ళు నిలబడతాయక్కా?"

"పూతా పిందే మీదుండాయి రాయుడూ. ఈ ఎండకు ఇంగా పదైదు దినాలు. మహా అంటే ఇంగో దినం. ఆ పైన నువ్వు కాలవ తెచ్చి పారించినా కాయి నిలబడదు."

పదిహేను రోజులు చాలా ఎక్కువ వ్యవధి అని చెంగల్రాయుడు అనుకున్నాడు.

విలేకరులు దిగిపోయాక ఆయన లోపలికి వెళ్ళాడు. అర్జీ టేబుల్ మీద పెట్టాడో లేదో మెట్ల మీద చెప్పుల శబ్దం వినిపించింది. కుప్పం నుంచి మునిచంద్ర, వెంట ఇరవైమంది వచ్చారు. మునిచంద్రకు కుప్పంలో గ్రానైటు క్వారీ ఉంది. సమ్మిట్ కమిటీకి అధ్యక్షుడిగా పుంగనూరు నూనె మిల్లు లక్ష్మయ్య పేరు ప్రకటించినట్టు ఆయనకు పదిగంటలకే ఫోన్ వచ్చింది.

"ఏందన్నా ఇది? పుంగనూరాయప్ప పోయి శిఖరం మీద కూసుంటే మేము కింద నిలబడి తలెత్తి సూడల్లనా?"

"సమ్మిట్ అంటే శిఖరమని నీకెవరు చెప్పినారప్పా?" అన్నాడు మునిరత్నం.

"మా అల్లుడు చెప్పినాడు. బెంగుళూరులో కంప్యూటర్ పని చేస్తాండాడు. ఆయప్పకు అన్నీ తెలుసు."

"పేరు ఇచ్చేసినాము గదా, పేపర్లో వచ్చేస్తాది. ఇప్పుడు లక్ష్మయ్యను దిగమంటే బాగుంటాదా?"

"దిగద్దు. ఆడే కూసోనీ. నన్ను ఇంగా పైన కూసోబెట్టు."

మునిరత్నం టైపిస్టు వంక చూశాడు. టైపిస్టు చెంగల్రాయుడి వంక చూశాడు. ఆయన ఇంగ్లీషు చెబుతాడని ఆ ఊళ్ళలో అందరికీ తెలుసు.

"అయ్యోరు, మీరే దిక్కు. సమ్మిట్‌కు పైన ఏముంది?"

"ఏమీ ఉండదు సార్. ఆకాశమే."

"అది కాదప్పా. శిఖరమని అర్థం వచ్చేది, సమ్మిట్‌కన్నా పైనుండేది, ఒక మాట కావల్ల."

"ఎపెక్స్ అని ఒకటుంది సార్. కానీ రెండింటికీ అర్థం ఒకటే. ఒకటి పైనా, ఒకటి కిందా కాదు."

మునిరత్నం అర్జీ తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"బయ్యమ్మ గారు మీకేమవుతారు?"

"అక్క సార్."

"పదకొండు బోర్లు. పాపం." అర్జీని పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. "రెండూ ఒకటే అంటారా అయ్యోరు?"

షెడ్డులో పట్ట తీయని ట్రాన్స్‌ఫార్మర్ చెంగల్రాయుడి కళ్ళ ముందు ఒకసారి కదిలింది. అరపూట పని.

"సందర్భాన్నిబట్టి... కొంచెం పైన అని కూడా అనుకోవచ్చు సార్."

"రాసియ్యండి."

టైపిస్టు తెల్లకాగితం ఇచ్చాడు. చెంగల్రాయుడు ఇలా రాశాడు: ఎపెక్స్ అను పదము సమ్మిట్ అను పదముకన్నా ఉన్నతమైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కింద సంతకం చేసి, తేదీ వేసి, ఎం.ఏ. అని రాశాడు. మండలి స్టాంపు పడింది. మునిచంద్ర దాన్ని రెండు చేతులతో అందుకుని తన వాళ్ళకు చూపించాడు. వాళ్ళలో ఒకడు బయటికి పోయి టపాకాయలు కాల్చాడు. కుప్పంలో ఎపెక్స్ కమిటీ ఏర్పడింది.

"మీ ఫైలు మొదట సమ్మిట్‌కు పోతాది. ఆడ్నుంచి ఎపెక్స్‌కు. రెండే మెట్లు. వారం గూడా పట్టదు" అన్నాడు మునిరత్నం. మాట ప్రకారం ఆ సాయంత్రమే ఫైలు కట్టించాడు. దానికి ఒకటో నంబరు వేశారు. మండలిలో అప్పటికి ఇంకో ఫైలు లేదు.

సమ్మిట్ కమిటీ బుధవారం పుంగనూరులో లక్ష్మయ్య మిల్లు ఆవరణలో సమావేశమైంది. ట్రాన్స్‌ఫార్మర్ సమస్య మీద నలభై నిమిషాలు చర్చ జరిగింది. రైతు దేశానికి వెన్నెముక అని ముగ్గురు మాట్లాడారు. కరెంటు రైతుకు వెన్నెముక అని నాలుగో ఆయన అన్నాడు. తీర్మానం రాసే సమయానికి, పైన ఇంకో కమిటీ ఉందని టైపిస్టు గుర్తుచేశాడు. పైన కమిటీ ఉండగా కింది కమిటీ మంజూరు చేస్తే మర్యాదగా ఉండదని అందరూ ఒప్పుకున్నారు. 'పై కమిటీకి సిఫారసు చేయడమైనది' అని రాశారు. ఫోటో తీసుకున్నారు.

పైన కమిటీ ఉందన్న సంగతి లక్ష్మయ్యకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం ఆయన చెంగల్రాయుడి ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ వద్దని, గడప మీద కూర్చున్నాడు.

"నా మనవడికి ట్యూషన్ చెప్పినారు. మీకు నేను ఎప్పుడన్నా అన్యాయం చేసినానా?"

"లేదన్నా."

"మరి ఎపెక్స్ పైనుండాదని కుప్పమోళ్ళకు రాసిచ్చినారంటనే. ఎన్ని అంగుళాలు పైనుండాది?"

"అట్లా కొలవరన్నా. అసలు రెండూ ఒకటే."

"ఒకటే అని నాకు రాసియ్యండి."

చెంగల్రాయుడు లెక్క వేశాడు. ఒకటే అని రాసిస్తే సోమవారం ఇచ్చిన కాగితం అబద్ధమవుతుంది. ఎపెక్స్ కమిటీ ఉండదు. మునిచంద్ర మనుషులు బస్టాండులో కూర్చుంటారు. ఫైలు మళ్ళీ పేపర్‌వెయిట్ కిందికి పోతుంది.

"రాసియ్యలేనన్నా."

"సరే. అయితే దానికి పైన నాకు ఇంగోటి ఇయ్యండి. నా ఫైలు కాదప్పా ఇది, మీ ఫైలే. నేను ఆపల్లనంటే నా కాడ తీర్మానం కాయితం ఉండాది, మిల్లులో ఎలకలుండాయి."

పినకిల్ అనే మాట ఎపెక్స్‌కన్నా ఉన్నతమైనదని ధ్రువీకరించే కాగితం ఆ గడప మీదనే తయారైంది. మునిరత్నం అడ్డు చెప్పలేదు. ఒకే మనిషికి రెండు కమిటీలు ఎందుకని టైపిస్టు అడిగితే, కిందా మీదా కూడా అనుభవం ఉన్న నాయకుడు దొరకడం అరుదని సమాధానం చెప్పాడు.

శుక్రవారం కుప్పంలో ఎపెక్స్ కమిటీ సమావేశమై ఫైలును పినకిల్‌కు సిఫారసు చేసింది. సోమవారం పుంగనూరులో పినకిల్ సమావేశమయ్యేలోపల మునిచంద్ర మదనపల్లె వచ్చి, పినకిల్‌కు పైన అక్మి అనే కమిటీ రాయించుకుని వెళ్ళాడు. అందువల్ల పినకిల్ ఫైలును అక్మికి సిఫారసు చేసింది. అక్మి పేరు విన్నప్పుడు మునిచంద్ర మొదట ఇష్టపడలేదు.

"ఏదో పురుగుమందు డబ్బా మీద పేరు మాదిరి ఉండాది సార్."

"అది గ్రీకుల మాట" అన్నాడు చెంగల్రాయుడు.

"గ్రీకులు లక్ష్మయ్య పార్టీనా?"

"కాదు."

"సెరి, అట్లైతే ఇయ్యి."

ఈ రోజుల్లో చెంగల్రాయుడు క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. మధ్యాహ్నం కాలేజీ లైబ్రరీలో పర్యాయపదాల నిఘంటువు తీసి, ఒకే పుట తెరిచి కూర్చునేవాడు. ఆ పుటలో ఉన్న మాటలను ఒక చీటీ మీద ఎక్కించుకుని జేబులో పెట్టుకున్నాడు. చీటీలో మాటలు తగ్గేకొద్దీ ఫైలు దారం సాగదీసి కట్టవలసి వచ్చేది. ఆదివారం ఎర్రమిట్టపల్లె పోయి చూశాడు. కింది ఆకులు ముడుచుకున్నాయి. బయ్యమ్మ రెండు బిందెలతో అరమైలు నడిచి నీళ్ళు తెచ్చి, చెంబుతో చెట్టుచెట్టుకూ పోస్తోంది. రెండెకరాల్లో అలా మూడు సాళ్ళు తడిపింది.

"ఫైలు యాడుండాది?" అని అడిగింది.

"పైకి పోతా ఉందక్కా."

"యాల పైకి? మనం ఈడ కిందుండాము గదా."

అక్మి గురువారం సమావేశమైంది. శుక్రవారం ఉదయం బయ్యమ్మ మదనపల్లె బస్సు ఎక్కింది. తోటలో నుంచి ఒక టమాటా చెట్టును వేళ్ళతో సహా పెరికి, గోనెసంచిలో చుట్టి తెచ్చింది. చెట్టుకు నాలుగు పచ్చి కాయలున్నాయి. ఆకులు వేలాడుతున్నాయి. చెంగల్రాయుడు అప్పటికే మేడ మీద ఉన్నాడు. అక్కను చూసి లేచి నిలబడ్డాడు. బయ్యమ్మ తమ్ముణ్ణి దాటిపోయి చెట్టును ఛైర్మన్ టేబుల్ మీద పెట్టింది.

"సూడు సామీ. దీన్ని సూసి మాట్లాడు. ఇంగ నాలుగు దినాలు ఇట్లే ఉంటే తోటంతా గొర్రెలకు తోలెయ్యల్ల."

మునిరత్నం కుర్చీలో నుంచి లేచాడు. చెట్టును రెండు చేతులతో ఎత్తుకున్నాడు. విలేకరి ఒకాయన వరండాలో ఉంటే పిలిపించాడు. ఫోటో కోసం బయ్యమ్మను ఆ చెట్టు ఇంకో కొస పట్టుకోమన్నాడు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో అది వచ్చింది. మండలి ఛైర్మన్‌కు తన తోటలో కాచిన మొక్కను బహూకరిస్తున్న మహిళా రైతు అని కింద రాశారు.

ఫోటో అయ్యాక మునిరత్నం అటెండరును పిలిచాడు.

"దీన్ని ముందర తొట్టిలో నాటి, పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్ళు పొయ్యి. రైతు ఆప్యాయంగా ఇచ్చింది. ఎండిపోతే బాగుండదు."

ఆ రెండెకరాల తోటలో మండలి నీళ్ళు అందిన చెట్టు అదొక్కటే, అదీ తీర్మానం లేకుండానే.

బయ్యమ్మ మెట్లు దిగేటప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"వీళ్ళ కాడ ఏమి పని చేస్తాండావు రాయుడూ?"

"మాటలు ఇస్తా ఉన్నానక్కా."

"నీళ్ళు ఎవరిస్తారో వాళ్ళ కాడ చెయ్యరాదా?"

చెంగల్రాయుడు ఆమెను బస్సెక్కించి మేడ మీదికి తిరిగి వచ్చాడు. లక్ష్మయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు. అక్మికి పైన కావాలి. అటువైపు కుర్చీలో మునిచంద్ర ఉన్నాడు. లక్ష్మయ్యకు ఇచ్చేదానికి పైన కావాలి. చెంగల్రాయుడు చీటీ తీశాడు.

"పీక్ అని ఒకటుంది."

"వద్దు" అన్నాడు మునిరత్నం. "పీక్ కమిటీ అని బోర్డు పెడితే, ఏమి పీకినారని జనం అడుగుతారు."

"క్లైమాక్స్."

"అది సినిమాల్లో చివర్న వస్తాది. జనం లేచి పోతారు."

"క్రెస్ట్."

"అంటే ఏంది?"

"కోడి తలమీద ఉండే కుచ్చు లాంటిది. కొండ అంచుకు కూడా అంటారు."

లక్ష్మయ్య కోడి వద్దన్నాడు. మునిచంద్ర కూడా వద్దన్నాడు. పదకొండు రోజుల్లో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి.

చెంగల్రాయుడు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ టైపిస్టు ఇచ్చే కాగితం మీద రాసేవాడు, ఆ రోజు తన సంచిలో నుంచి కాగితం తీశాడు. ఎవరూ అడగకముందే రాశాడు. జెనిత్ అనగా మనిషి నడినెత్తికి సూటిగా పైన ఆకాశమందుండు బిందువు. దీనికి మించిన పదము ఇంగ్లీషు భాషలో లేదని, ముందు ముందు కూడా రాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. సంతకం చేశాడు. చీటీలో అపోజీ అనే మాట ఇంకా ఉంది. దాన్ని గురించి చెప్పలేదు.

"ఇదే ఆఖరు సార్. దీన్ని ముగ్గురూ కలిసి తీసుకోండి. ఇంక పైన ఏమీ లేదు."

ముగ్గురూ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. మనిషికన్నా పైన ఆకాశంలో ఉండటం ముగ్గురికీ నచ్చింది. మునిరత్నం, లక్ష్మయ్య, మునిచంద్ర సమాన హోదాగల అధ్యక్షులుగా జెనిత్ కమిటీ ఏర్పడింది. ఎవరు ముందు ఎవరికి శాలువా కప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, మూడు శాలువాలు తెప్పించి, గుండ్రంగా నిలబడి ముగ్గురూ ఒకేసారి కప్పుకున్నారు. మూడు ప్రాంతాల ఐక్యతకు ఇది నాంది అని మర్నాటి పేపరు రాసింది.

జెనిత్ కమిటీ సోమవారం పంతొమ్మిదో తేదీన మదనపల్లెలో మొదటి సమావేశం జరిపింది. ఫైలు బల్ల మీదికి వచ్చింది. మునిరత్నం తీర్మానం చెప్పాడు. టైపిస్టు కొట్టాడు. 'పై కమిటీకి' అని కొట్టి ఆగిపోయాడు.

"ఏమప్పా?"

"పైన కమిటీ లేదు సార్."

లక్ష్మయ్య ఫైలును మునిచంద్ర వైపు జరిపాడు.

"అంటే ఇప్పుడు మంజూరు చేస్తున్నామని మనమే సంతకం పెట్టల్లనా?" అన్నాడు లక్ష్మయ్య.

"పెడితే ఏమి?" అన్నాడు మునిచంద్ర.

"పెట్టప్పా మరి."

"నేనా? మీరు పెద్దోళ్ళు. ముందు పెట్టండి."

"ఇన్నాళ్ళూ పెట్టినాను. సిఫారసు అని పెట్టినాను. మంజూరు అని ఎప్పుడు పెట్టినాను? రేప్పొద్దున ఏదన్నా అయితే ఎవరిని అడుగుతారు?"

"ఏమవుతాదన్నా, ట్రాన్స్‌ఫారమే గదా."

"అదేనప్పా నా భయం. కరెంటుతో యవ్వారం."

మునిరత్నం చెంగల్రాయుడి వైపు తిరిగాడు. ఆయన గొంతు తగ్గింది.

"అయ్యోరు, ఇంగొక్క మాట ఇయ్యండి. ఒక్కటే. ఇంగెప్పుడూ అడగను."

"లేదు సార్."

"ఇంగ్లీషులో లేకపోతే ఇంగో భాషలో?"

"తమిళంలో ఉండాదన్నా" అన్నాడు మునిచంద్ర. "శిగరం."

"అది శిఖరమే గదప్పా. మళ్ళీ సమ్మిట్ కాడికి దిగిపోతాము."

చెంగల్రాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పద్నాలుగు రోజుల్లో ఆయనకు మొదటిసారి ధైర్యంగా అనిపించింది. పైకి పోయే దారి తనే మూసేశాడు. ఇక వీళ్ళు సంతకం పెట్టక తప్పదు.

అరగంట గడిచింది. ముగ్గురూ పెన్నులు తీశారు, మూతలు తీశారు, మూతలు పెట్టారు. ఆఖరికి మునిరత్నం ముఖం తేటపడింది. ఆయన్ను అనుభవజ్ఞుడని ఊరికే అనరు.

"మంజూరుకు సంతకం కావల్ల. ప్రారంభోత్సవానికి సంతకం కావల్లనా?"

"అక్కర్లేదు" అన్నాడు టైపిస్టు.

"కత్తెర చాలు" అన్నాడు లక్ష్మయ్య.

బుధవారం ఉదయం పది గంటలకు ఎర్రమిట్టపల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ ప్రారంభిస్తున్నట్టు జెనిత్ కమిటీ ప్రకటించింది. ఎవరూ మంజూరు చేయలేదు కనక ఎవరికీ దాన్ని ఆపడానికి కూడా వీల్లేకపోయింది. శ్రీరాముల్ని పిలిచి షెడ్డులోది తీసుకుపొమ్మన్నారు. చెంగల్రాయుడు ఆ సాయంత్రమే సోమల ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి అక్కకు కబురు పెట్టాడు. ఒకరోజు అటూ ఇటూగా లెక్క సరిపోయింది. తోటలో సగం పోయినా సగం నిలబడుతుంది.

బుధవారం తెల్లవారి ఆరు గంటలకల్లా శ్రీరాములు ట్రాక్టరు మీద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. ఊళ్ళో మగవాళ్ళందరూ పట్టి దాన్ని గద్దె మీదికి ఎక్కించారు. బయ్యమ్మ అందరికీ రాగి అంబలి పోసింది. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి శ్రీరాములు కరెంటు కంబం ఎక్కాడు. తొమ్మిదిన్నరకు మూడు తీగల్లో రెండు కలిపాడు. అప్పటికి షామియానా లేచింది. మైకు వచ్చింది. టేబుల్ మీద చెక్కకు బిగించిన స్విచ్చి ఒకటి పెట్టారు. దాని తీగ టేబుల్ కిందికి పోయి అక్కడ ఆగింది.

పది గంటలకు జీపులు వచ్చాయి. ముగ్గురు అధ్యక్షులు ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తి, దించి, మునిరత్నం చెవిలో ఏదో చెప్పాడు. మునిరత్నం తల ఎత్తి చూశాడు. కంబం మీద, ముగ్గురి తలలకు సూటిగా పైన, శ్రీరాములు కూర్చుని ఉన్నాడు.

"ఆయప్ప ఫోటోలో పడతాండాడా?"

"పడతాడు సార్. మీ నడినెత్తి మీద పడతాడు."

"దిగమను."

"ఇంగొక్క తీగ సార్! అయిదు నిముషాలు!" అని పైనుంచి శ్రీరాములు అరిచాడు.

"అయిదు నిముషాలు ఆగుదాం సార్" అన్నాడు చెంగల్రాయుడు.

మునిరత్నం ఆయన్ను పక్కకు తీసుకుపోయాడు. జేబులో నుంచి ధ్రువపత్రం తీశాడు. దాన్ని లామినేషన్ చేయించి ఉంచాడు.

"ఇది మీ సంతకమే గదా అయ్యోరు?"

"అవును సార్."

"జెనిత్‌కు పైన ఏమీ లేదని మీరే గదా రాసినారు? మళ్ళీ మీ లైన్‌మన్ ఆడుంటే ఎట్ల? రేపు పేపర్లో చూసి జనం ఏది నిజమనుకోవల్ల, మీ సంతకమా, ఆయప్పా? మీరే చెప్పి దించండి. నేను చెబితే బాగుండదు."

జనం చూస్తున్నారు. బయ్యమ్మ కూడా చూస్తోంది. చెంగల్రాయుడు కంబం దగ్గరికి పోయి తల ఎత్తాడు.

"దిగప్పా శ్రీరాములూ. ఫోటో అయినాక ఎక్కుదువులే."

శ్రీరాములు మూడో తీగ వదిలేసి దిగాడు. రిబ్బను కత్తిరించారు. టెంకాయ కొట్టారు. ముగ్గురూ మూడు వేళ్ళు ఒకేసారి స్విచ్చి మీద పెట్టి నొక్కారు. జనం చప్పట్లు కొట్టారు. ఎర్రమిట్టపల్లె చీకటి నుంచి వెలుగులోకి వచ్చిందని మునిచంద్ర మైకులో చెప్పాడు. మైకు బ్యాటరీ మీద నడుస్తోంది.

ప్రసంగాలు అయ్యాక శ్రీరాములు మళ్ళీ కంబం పట్టుకున్నాడు.

"యాడికప్పా?" అన్నాడు మునిరత్నం.

"తీగ కలపల్ల సార్."

"ఎందుకు?"

"కలపకపోతే కరెంటు రాదు సార్."

"వచ్చిందని ఇప్పుడే గదా చెప్పినాము? ఇంతమంది చప్పట్లు కొట్టినారు. నువ్వు ఇప్పుడెక్కి తీగ కలిపితే, ఇందాక మేము చేసిందేంది?"

శ్రీరాములు కంబం మీద నుంచి చెయ్యి తీశాడు. పనిచేస్తున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ముట్టుకోవాలంటే మండలి తీర్మానం ఉండాలని టైపిస్టు చెప్పాడు. అర్జీ పెట్టుకుంటే రెండో నంబరు ఫైలు అవుతుందని, సమ్మిట్ నుంచి మొదలవుతుందని కూడా చెప్పాడు. పెద్దల మాట మన్నించి కంబం దిగినందుకు లక్ష్మయ్య శ్రీరాములుకు శాలువా కప్పాడు. సాయంత్రం కుప్పంలో సన్మానం ఉందని జీపులో ముగ్గురి మధ్యన కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు.

షామియానా వాళ్ళు గుంజలు పెరుక్కుంటున్నారు. చెంగల్రాయుడు అక్క వెనకే తోటలోకి నడిచాడు. బయ్యమ్మ మోటరు షెడ్డు తలుపు తీసి, స్టార్టర్ మీద పచ్చ బొత్తాన్ని నొక్కింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి బొటనవేలితో నొక్కి పట్టుకుని, తమ్ముడి వంక చూసింది.

"రాయుడూ, కరెంటు వచ్చినట్టా, రానట్టా?"

చెంగల్రాయుడు అలవాటుగా జేబులో చీటీ తడిమాడు.

"ప్రారంభమైనట్టక్కా."

బయ్యమ్మ బొత్తాం మీద నుంచి వేలు తీసింది. షెడ్డు బయట, కర్రలకు కట్టిన చెట్లు తలలు వాల్చి వరసగా ఉన్నాయి.

"అయితే ఆ మాటే కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యి. చెట్లకు సూపిస్తా."

చెంగల్రాయుడు జేబులో నుంచి పెన్ను తీశాడు.